ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లకు ఖరీదైన కేబుల్ వేస్తే శబ్దం నిజంగా మారుతుందా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను. అమెరికా నుంచి హైదరాబాదు వచ్చేస్తూ మార్టిన్‌లోగన్ ఎలక్ట్రోమోషన్ ఈఎస్ఎల్ స్పీకర్ల జత తెచ్చుకున్నారు. ఏవీ రిసీవర్ (స్పీకర్లను నడిపే యాంప్లిఫయర్ దాంట్లోనే ఉంటుంది) హాల్లో ఓ మూల టీవీ కింద ఉంది. అక్కణ్ణుంచి ఒక్కో స్పీకరుకు 6 మీటర్ల మామూలు జంట వైరు, 16 గేజ్‌ది, వేసుకున్నారు. మీ స్నేహితుడు తన కేబుళ్ళు తెచ్చి బిగిస్తే పైస్వరాలు విచ్చుకున్నట్టు అనిపించింది. ఆ కేబుళ్ళ ధర లక్షన్నర. మీ అన్నయ్యేమో వైరు ఏదైనా వైరే అంటున్నారు. ఇద్దరిలో ఎవరి మాట నిజం?

మీకు వినిపించిన తేడా భ్రమ కాకపోవచ్చు. అయినా దానికి లక్షన్నర పెట్టక్కర్లేదు. మామూలు స్పీకర్ల విషయంలో అయితే మీ అన్నయ్య వైపే ఉండేవాణ్ణి. ఎలక్ట్రోస్టాటిక్ దగ్గర మాత్రం ఆయన మాట పూర్తిగా చెల్లదు. ఎందుకో చెప్పాలంటే ముందు స్పీకరు లోపల ఏముందో చూడాలి.

మామూలు స్పీకర్లో అయస్కాంతం, దాని మధ్య తీగచుట్ట, ఆ చుట్టకు అతికించిన కోను ఉంటాయి. మీ దాంట్లో ప్యానెల్ భాగానికి ఇవేవీ లేవు. చిల్లులున్న రెండు లోహపు రేకుల మధ్య, తల వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పల్చని పాలియెస్టర్ పొర ఒకటి బిగించి ఉంటుంది. ఆ పొర మీద కొన్ని వేల వోల్టుల స్థిర చార్జి ఉంటుంది. పాట సిగ్నల్ ఆ రేకుల మీదకు వచ్చినప్పుడు పొర అటూ ఇటూ లాగబడుతుంది. అయితే యాంప్లిఫయర్ ఇచ్చే పది ఇరవై వోల్టులతో ఆ పొర కదలదు. అందుకే స్పీకరు లోపల ఒక స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, సిగ్నల్‌ను యాభై నుంచి వంద రెట్లు, కొన్నిట్లో అంతకంటే ఎక్కువ పెంచుతారు.

చిక్కంతా అక్కడే పుడుతుంది. ఎదురెదురుగా రెండు రేకులుంటే అది కెపాసిటరే. ప్యానెల్ కెపాసిటెన్స్ (చార్జి పట్టి ఉంచే గుణం) చూస్తే చాలా తక్కువ, ఒక నానోఫారడ్ అనుకుందాం. కానీ ట్రాన్స్‌ఫార్మర్ అవతలి నుంచి, అంటే యాంప్లిఫయర్ వైపు నుంచి చూసినప్పుడు, అది నిష్పత్తి వర్గంతో గుణించబడుతుంది. 75 రెట్ల ట్రాన్స్‌ఫార్మర్ అయితే 75ని 75తో గుణించాలి, 5,625. అంటే యాంప్లిఫయర్‌కు కనబడేది ఒక నానోఫారడ్ కాదు, దాదాపు 5.6 మైక్రోఫారడ్లు. కెపాసిటర్ స్వభావం తెలిసిందే కదా, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ అడ్డు తగ్గుతుంది. 5.6 మైక్రోఫారడ్లు 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఇచ్చే అడ్డు సుమారు 1.4 ఓములే.

మీ స్పీకరు స్పెసిఫికేషన్లు ఓసారి చూడండి. నామినల్, అంటే పేరుకు చెప్పే విలువ, 6 ఓములు; 20 కిలోహెర్ట్జ్ దగ్గర 1.6 ఓములు అని తయారీదారే రాశారు. ఇదే కంపెనీ పెద్ద మోడళ్ళలో కొన్ని ఒక ఓము కంటే కిందకు దిగుతాయి. ఇది కొత్త సంగతి కూడా కాదు. ఇంగ్లండులోని హంటింగ్డన్‌లో పీటర్ వాకర్ కంపెనీ 1957లో అమ్మకానికి పెట్టిన క్వాడ్ ఈఎస్ఎల్ కింది స్వరాల దగ్గర 30 ఓముల దాకా ఉండి, 18 కిలోహెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి 2 ఓముల కిందకు జారేది. 1981లో వచ్చిన ఈఎస్ఎల్-63 ఈ విషయంలో చాలా సాధువు, దాని ఇంపీడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే మొత్తం అడ్డు) అంత కిందకు పోదు. కాబట్టి 'ఎలక్ట్రోస్టాటిక్‌కు కేబుల్ ముఖ్యమా' అని ఒక్క గంపగుత్త ప్రశ్న వేస్తే జవాబు రాదు. ఏ మోడల్, దాని ఇంపీడెన్స్ గీత ఎంత కిందకు దిగుతుంది అన్నది చూడాలి.

ఇప్పుడు వైరు సంగతి. స్పీకరు వైరుకు లెక్కలోకి తీసుకోవలసిన గుణాలు మూడే: రెసిస్టెన్స్ (అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ ఉండే అడ్డు), ఇండక్టెన్స్ (ఫ్రీక్వెన్సీతో పాటు పెరిగే అడ్డు), కెపాసిటెన్స్. అమ్మేవాళ్ళు వీటి పక్కన చాలా చేరుస్తారు. ఆక్సిజన్ లేని రాగి అంటారు, వెండి అంటారు. వెండి రాగి కంటే సుమారు 6 శాతం మెరుగైన వాహకం, అందులో అబద్ధం లేదు. అయితే 5 మీటర్ల రాగి వైరును ఒక అడుగు కత్తిరించేస్తే మీకు అదే 6 శాతం ఉచితంగా వస్తుంది. ఆక్సిజన్ లేని రాగికీ, మంచి మామూలు కరెంటు వైరు రాగికీ వాహకతలో తేడా ఒక శాతం అటూ ఇటూ. స్కిన్ ఎఫెక్ట్ అని ఇంకొకటి చెప్తారు, అంటే ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ కరెంటు తీగ పైపొరకే పరిమితం కావడం. 20 కిలోహెర్ట్జ్ దగ్గర కరెంటు రాగిలో అర మిల్లీమీటరు లోతు దాకా బాగానే ప్రవహిస్తుంది కాబట్టి ఈ మందం వైర్లలో దాని ప్రభావం ఎంచదగ్గది కాదు.

మీ 16 గేజ్ వైరు 6 మీటర్లంటే పోనూ రానూ 12 మీటర్లు. దాని రెసిస్టెన్స్ సుమారు 0.16 ఓము. మామూలు 8 ఓముల స్పీకరుకు అది పట్టించుకునే సంగతే కాదు. ఇండక్టెన్స్ దగ్గరకు వస్తే, ఇలాంటి జంట వైరుకు మీటరుకు 0.65 మైక్రోహెన్రీ దాకా ఉంటుంది, ఆరు మీటర్లకు దాదాపు 4. అది 20 కిలోహెర్ట్జ్ దగ్గర అర ఓము అడ్డు. అవతల స్పీకరు 1.6 ఓములు, ఇవతల వైరు అర ఓము! మామూలు స్పీకరులో పైస్వరాలు పలికే ట్వీటర్ అదే చోట ఆరో ఎనిమిదో ఓములు ఉంటుంది కాబట్టి ఈ అర ఓము అక్కడ దాదాపు కనబడదు. ఎలక్ట్రోస్టాటిక్‌కు వైరు ముఖ్యం అనే మాటలో ఉన్న నిజమంతా ఈ ఒక్క పోలికలో ఉంది.

లెక్క వేస్తే, ఇంపీడెన్స్ కనిష్ఠంగా ఉండి దాని స్వభావం రెసిస్టర్‌లా ఉన్న చోట మీ వైరు వల్ల 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక డెసిబెల్‌కు కాస్త పైగా తగ్గుతుంది. మధ్యస్వరాల్లో తగ్గేది 0.2 డెసిబెల్ చుట్టుపక్కలే. అంటే పైకొస గుండ్రంగా అరిగినట్టు ఉంటుంది. వయసులో ఉన్న చెవికి, తాళాల మోత బాగా ఉన్న రికార్డింగులో, ఇది పట్టుబడే అవకాశం ఉంది. మనలో నలభై యాభై దాటినవాళ్ళకు 15 కిలోహెర్ట్జ్ పైన వినబడేదే తక్కువ, వాళ్ళకు ఈ 20 కిలోహెర్ట్జ్ గొడవ అనవసరం.

కానీ కథ అంత తిన్నగా సాగదు. చాలామంది ఇక్కడే పొరపడతారు, అందుకే కొంచెం ఆగి చెప్తాను. ఇండక్టెన్స్, కెపాసిటెన్స్ ఒకదానికొకటి ఎదురు. స్పీకరు ఇంకా కెపాసిటర్‌లాగే ప్రవర్తిస్తున్న ఫ్రీక్వెన్సీల్లో, ఉదాహరణకు 10 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల, వైరు ఇండక్టెన్స్ స్పీకరు కెపాసిటెన్స్‌ను కొంత రద్దు చేస్తుంది. దాంతో స్పీకరు దగ్గర వోల్టేజి తగ్గకపోగా పెరుగుతుంది! మీ వైరుతో అక్కడ అర డెసిబెల్ దాకా పెరగవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ లోపల కూడా దాని సొంత ఇండక్టెన్స్ కొంత ఉంటుంది, లీకేజీ ఇండక్టెన్స్ అంటారు. అది ప్యానెల్‌తో కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర రెజొనెన్స్ చేస్తుంది, అంటే అక్కడ సిగ్నల్ ఉబ్బుతుంది. ఆ రెజొనెన్స్ ఎక్కడుందన్న దాన్నిబట్టి ఒకే వైరు ఒక మోడల్‌కు పైస్వరం పెంచుతుంది, ఇంకో మోడల్‌కు తగ్గిస్తుంది. ఒకాయన తన ఎలక్ట్రోస్టాటిక్‌కు ఫలానా కేబుల్ వేస్తే శబ్దం మెత్తబడింది అంటాడు, ఇంకొకాయన అదే కేబుల్‌తో పదునెక్కింది అంటాడు. ఇద్దరూ నిజమే చెప్తూ ఉండవచ్చు. కేబుల్ సమీక్షలు చదివి కొనకండి అని నేను మొత్తుకునేది ఇందుకే. ఆ సమీక్షకుడి స్పీకరు మీ స్పీకరు కాదు.

మందమైన వైరు కొంటే సరిపోతుంది కదా అని మీరు అడగవచ్చు. మందం పెరిగితే తగ్గేది రెసిస్టెన్స్. ఇండక్టెన్స్ మీద దాని ప్రభావం తక్కువ, అది రెండు తీగల మధ్య ఎడం మీద ఆధారపడి ఉంటుంది. తీగలు ఎంత దగ్గరగా ఉంటే అంత తక్కువ. అందుకే వేలు లావు కేబుళ్ళు, ప్లస్ ఒకటీ మైనస్ ఒకటీ వేరువేరుగా పాముల్లా పరిచేవి, చూడ్డానికి దర్జాగా ఉన్నా ఎలక్ట్రోస్టాటిక్‌కు మీ జంట వైరు కంటే అన్యాయం. రెండు తీగలను పది సెంటీమీటర్ల ఎడంతో పరిస్తే ఇండక్టెన్స్ సుమారు మూడు రెట్లవుతుంది. ఫ్రెడ్ డేవిస్ అనే ఇంజనీరు 1991లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో రకరకాల కేబుళ్ళను, స్పీకర్లను, యాంప్లిఫయర్లను కలిపి కొలిచి ఒక వ్యాసం రాశాడు. ఒకే లావుపాటి తీగ కంటే, విడివిడిగా ఇన్సులేషన్ ఉన్న సన్న తీగలు చాలా కలిపి అల్లితే రెసిస్టెన్స్, ఇండక్టెన్స్ రెండూ తగ్గుతాయని అందులో తేల్చాడు. ధరకూ దీనికీ సంబంధం లేదు.

మరి మీరేం చేయాలి? నన్నడిగితే మొదటి పని రిసీవర్‌ను మూలలోంచి లాగి రెండు స్పీకర్ల మధ్యకు తేవడం. వైరు 6 మీటర్ల నుంచి 3 మీటర్లకు తగ్గితే ఇండక్టెన్స్, రెసిస్టెన్స్ రెండూ సగమవుతాయి. దాంతోపాటు మీ 16 గేజ్ కన్నా లావైన 2.5 స్క్వేర్ ఎంఎం జంట వైరు వేస్తే, 20 కిలోహెర్ట్జ్ దగ్గర నష్టం ఒక డెసిబెల్ పైచిలుకు నుంచి 0.35 డెసిబెల్ చుట్టుపక్కలకు దిగుతుంది. అది ఎవరి చెవికీ చిక్కదు. జంట అంటే రెండు తీగలూ అతుక్కుని ఉన్నదే తీసుకోండి. ఎర్రది ఒక చుట్ట, నల్లది ఒక చుట్ట విడిగా కొన్నారంటే గోడ వెంట రెండూ చెరో దారిన పోతాయి. రెండు స్పీకర్లకూ ఒకే పొడవు కోయాలనే నియమం ఎక్కడా లేదు గానీ, ఎలక్ట్రోస్టాటిక్‌కు ఒకటి 2 మీటర్లు, ఇంకొకటి 8 మీటర్లు లాంటి తేడా మాత్రం పెట్టకండి. మిగిలిన వైరును స్పీకరు వెనక గుండ్రంగా చుట్టి పెట్టే అలవాటు కూడా వద్దు, కోసేయండి.

రిసీవర్ కదలదు, ఇంట్లో ఒప్పుకోరు అంటారా (ఇది నేను ఎక్కువగా వినే జవాబు)? అయితే కరెంటు సామాన్ల దుకాణంలో నాలుగు కోర్ల గుండ్రటి ఫ్లెక్సిబుల్ కేబుల్, 2.5 స్క్వేర్ ఎంఎం, దొరుకుతుంది. త్రీ ఫేజ్ మోటార్లకు వాడతారు. చివర ఒలిచి చూస్తే నాలుగు తీగలు చతురస్రంలా కనబడతాయి. ఎదురెదురుగా, అంటే మూలకు మూలగా, ఉన్న రెండు తీగలను కలిపి ప్లస్, మిగిలిన రెండింటినీ కలిపి మైనస్ చేయండి. పక్కపక్కవి కలపకూడదు, కలిపితే ఫలితం పోతుంది. ఈ అమరికకు స్టార్-క్వాడ్ అని పేరు. జపాన్ కంపెనీ కనారే స్పీకర్ల కోసం ఇదే పద్ధతిలో 4ఎస్11 అనే కేబుల్ చేస్తుంది, స్టూడియోల్లో వాడేది. ఇండక్టెన్స్ జంట వైరులో ఇంచుమించు సగానికి వస్తుంది, రాగి రెట్టింపవుతుంది. అంటే ఆరు మీటర్లు ఉంచుకుని కూడా మూడు మీటర్ల ఫలితం తెచ్చుకున్నట్టే. ఒక్క జాగ్రత్త, రెండు చివర్లకూ స్పీకరు వైరు అని చీటీ అంటించండి. చూడ్డానికి కరెంటు కేబుల్‌లాగే ఉంటుంది కాబట్టి ఇంట్లో ఎవరైనా ఎలక్ట్రీషియన్ పొరపాటు పడవచ్చు.

ఇండక్టెన్స్ తగ్గించాలని మరీ దూరం పోకండి. తీగలను దగ్గర చేసేకొద్దీ కెపాసిటెన్స్ పెరుగుతుంది. నెట్‌వర్క్ కేబుళ్ళను పాతికో ముప్పయ్యో పోగులుగా జడ అల్లి స్పీకరు వైరు చేసుకోవడం, కాగితంలాంటి చదునైన రేకుల కేబుల్ వాడటం లాంటి పనుల్లో మీటరుకు నానోఫారడ్, అంతకంటే ఎక్కువ వస్తుంది. స్పీకరే 5 మైక్రోఫారడ్లు ఉన్నప్పుడు ఈ చిన్న కెపాసిటెన్స్ ఏం చేస్తుంది అనిపిస్తుంది. వినే ఫ్రీక్వెన్సీల్లో ఏమీ చేయదు, నిజమే. కానీ యాంప్లిఫయర్ ఫీడ్‌బ్యాక్ (తన అవుట్‌పుట్‌ను తానే చూసుకుని సరిచేసుకునే ఏర్పాటు) మెగాహెర్ట్జ్ దాకా పనిచేస్తూ ఉంటుంది. అంత పైన స్పీకరు తన లీకేజీ ఇండక్టెన్స్ వెనక దాక్కుంటుంది, యాంప్లిఫయర్‌కు అది కనబడదు. కేబుల్ కెపాసిటెన్స్ మాత్రం నేరుగా అవుట్‌పుట్ మీద కూర్చుంటుంది. దాంతో కొన్ని యాంప్లిఫయర్లు ఆసిలేషన్‌లోకి పోతాయి, అంటే సిగ్నల్ లేకుండానే తమంతట తాము ఊగడం మొదలుపెడతాయి. పాటేమీ లేకపోయినా వేడెక్కడం, ఊరికే ప్రొటెక్షన్‌లోకి వెళ్ళడం (తనను కాపాడుకోవడానికి ఆగిపోవడం) దాని గుర్తులు. చాలా ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లలో దీన్ని ఆపడానికి అవుట్‌పుట్ దగ్గర చిన్న తీగచుట్ట ఒకటి పెడతారు. నెయిమ్ కంపెనీ పాత యాంప్లిఫయర్లలో అది లేదు, అందుకే తమ కేబులే, కనీసం మూడున్నర మీటర్లు వాడమని వాళ్ళు చెప్పేవారు. మీ రిసీవర్ లాంటి వాటికి ఆ చుట్ట ఉండే అవకాశమే ఎక్కువ. ఉన్నా సరే, జడలు వద్దు.

ఆ చుట్ట గురించి ఇంకో మాట. అది సాధారణంగా అర మైక్రోహెన్రీ నుంచి కొన్ని మైక్రోహెన్రీల దాకా ఉంటుంది. అంటే మీ యాంప్లిఫయర్ పెట్టెలోనే కొన్ని మీటర్ల కేబుల్ ఇండక్టెన్స్ ముందే చుట్టి పెట్టి ఉంది. బయట లక్షన్నర పెట్టి దాన్ని బయటకు తీయలేరు. వాల్వ్ యాంప్లిఫయర్ అయితే కేబుల్ మాటే ఎత్తక్కర్లేదు. దాని సొంత అవుట్‌పుట్ ఇంపీడెన్స్ అర ఓము నుంచి రెండు ఓముల దాకా ఉంటుంది. మీ వైరులోని 0.16 ఓము దాని ముందు ఎంత? ఎలక్ట్రోస్టాటిక్ శబ్దాన్ని మార్చే విషయంలో యాంప్లిఫయర్‌ది మొదటి స్థానం, కేబుల్‌ది చాలా వెనక. ఆ లక్షన్నర చేతిలో ఉండి తీరా ఖర్చు పెట్టి తీరాలంటే, 2 ఓముల లోడును భయం లేకుండా నడిపే స్టీరియో పవర్ యాంప్లిఫయర్‌కు పెట్టండి.

స్నేహితుడు కేబుల్ మార్చిన ఆ సాయంత్రం కేబుల్ ఒక్కటే మారిందా అన్నది కూడా చూసుకోవాలి. వైరు బిగించడానికి స్పీకరును ముందుకు లాగి, మళ్ళీ వెనక్కు తోసి ఉంటారు. ఎలక్ట్రోస్టాటిక్ ప్యానెల్ పైస్వరాలను టార్చిలైటులా ఒక దిక్కుకే పంపుతుంది. మీ మోడల్ ప్యానెల్ వంపుగా ఉండటం వల్ల ఆ వెలుగు కాస్త విప్పారుతుందంతే. స్పీకరు రెండు వేళ్ళ మందం పక్కకు తిరిగినా, మీరు సోఫాలో కాస్త వాలి కూర్చున్నా పైస్వరం మారే మొత్తం కేబుల్ తేడా కంటే ఎక్కువ. పైగా ఈ ప్యానెల్ వెనక వైపుకూ అంతే శబ్దం పంపుతుంది, గోడకు దూరం మారితే మొత్తం స్వభావం మారుతుంది. చార్జి సంగతి ఒకటుంది. మీ స్పీకర్లు సిగ్నల్ వచ్చినప్పుడు మేల్కొని, కాసేపు పాట లేకపోతే బయాస్ (పొర మీది స్థిర చార్జి) ఆపేసే రకం. చాలాసేపు ఆగిన తర్వాత పొర పూర్తిగా చార్జి ఎక్కడానికి కొంత సమయం పడుతుంది. 'కొత్త కేబుల్ అరగంటకు విచ్చుకుంది' అనే మాటలో విచ్చుకున్నది ప్యానెల్ కావచ్చు. పాత వైరు కొసలు నల్లబడి ఉంటే, విప్పి మళ్ళీ బిగించినందుకే కాంటాక్టు బాగుపడి ఉండవచ్చు. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఇది ఇంకా ఎక్కువ. అక్కడి తేమకు బయాస్ చార్జి కూడా లీకై ఒక పక్క ప్యానెల్ నీరసంగా మోగుతుంటుంది, జనం కేబుల్‌ను అనుమానిస్తుంటారు.

ఇంట్లోనే తేల్చుకోవాలంటే దారుంది. మామూలు మల్టీమీటర్ పనికిరాదు, చౌక మీటర్లు ఒక కిలోహెర్ట్జ్ దాటితే ఏసీ వోల్టేజిని సరిగ్గా చూపవు. కొలిచే మైకు ఒకటి, యూఎస్‌బీది, తెచ్చుకుని రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో స్వీప్ తీయండి, అంటే కింది స్వరం నుంచి పైస్వరం దాకా వరుసగా మోగించి కొలవండి. మైకునూ స్పీకరునూ కదపకుండా వైరు మాత్రం మార్చి మళ్ళీ తీయండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే ఇక వాదనే లేదు. తేడా కనబడితే ఎక్కడ, ఎంత అన్నది తెలుస్తుంది. అప్పుడు పాత వైరుతోనే ఈక్వలైజర్‌లో అంతే పెంచి వినండి. స్నేహితుడి కేబుల్ లాగే ఉంటే మీరు లక్షన్నరకు కొనబోయింది ఆ ఒక్క డెసిబెల్ అన్నమాట. చెవితోనే పరీక్షించాలంటే ఇంట్లో వాళ్ళను బొమ్మా బొరుసూ వేసి, మీకు చెప్పకుండా వైరు మార్చమనండి. పదహారు సార్లలో పన్నెండు సార్లు సరిగ్గా చెప్పగలిగితే మీకు తేడా నిజంగా తెలుస్తున్నట్టు లెక్క. పన్నెండు, అంతకు మించి సరైన జవాబులు గుడ్డిగా ఊహించి వచ్చే అవకాశం 4 శాతం లోపే.

చివర్లో మీ స్నేహితుడు గోడ సాకెట్టు నుంచి స్పీకరుకు వెళ్ళే పవర్ కేబుల్ కూడా మార్చమన్నాడని రాశారు. అది వద్దు. పొరకు చార్జి ఇచ్చే సర్క్యూట్ తీసుకునే కరెంటు లేశమంత, పైగా అది చాలా పెద్ద రెసిస్టర్ల గుండా నెమ్మదిగా పొరకు చేరుతుంది. పాట కరెంటు ఆ దారిన రాదు. దాని బదులు అడాప్టర్ వెనక రాసి ఉన్నది చదవండి. 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే పిన్ను మార్చుకుంటే చాలు. 120 అని మాత్రమే ఉంటే, ఎంత ఖరీదైన కేబుల్ వేసినా మన 230 వోల్టులకు నేరుగా పెట్టిన రోజే అది కాలిపోతుంది. అదే డీసీ వోల్టేజి, అదే పోలారిటీ, అంతకు తగ్గని ఆంపియర్లు ఉన్న అడాప్టర్ కొనుక్కోండి.